నట్టింటి దుంగ

ఇల్లు అమ్ముడుపోవాలంటే ముందు నట్టింట్లో నిలబెట్టి ఉన్న దుంగ తీసెయ్యాలని సారయ్య తేల్చి చెప్పాడు. సారయ్య బెల్లంపల్లిలో ఇళ్ళు చూపించే బ్రోకరు. అప్పటికి ఇద్దరిని తీసుకొచ్చాడు. ఇద్దరూ గుమ్మంలోంచే దుంగను చూశారు, తలెత్తి కప్పును చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచినీళ్ళు ఇచ్చినా తాగకుండా వెళ్ళిపోయారు.

"కుమారన్నా, నీ స్లాబు ఉక్కు లెక్కున్నది. నాకు ఎరుకే. కానీ కొత్తగ వచ్చెటోనికి ఎట్ల ఎరుకైతది? కూలే ఇంటికి కట్టె దాపు పెట్టినట్టు కనవడతాంది" అన్నాడు.

"కనవడనియ్. దుంగ వద్దనెటోడు నా ఇల్లు కొనుడే వద్దు" అన్నాడు మా పెద్దబాపు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఇల్లు అమ్మి చూడమని ఎవరూ ఎందుకనలేదో నాకు అప్పుడు అర్థమైంది. 

మా పెద్దబాపు కుమారస్వామి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళకు పైగా టింబర్‌మన్‌గా చేశాడు. బాయి లోపల బొగ్గు తీసినకొద్దీ పైన బండ గాలిలో వేలాడుతుంది. ఆ బండ కింద దుంగలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. దుంగ నెత్తిన ఒక పలక పెట్టి, పలకకూ దుంగకూ మధ్య వాలుగా కోసిన చెక్కను సుత్తెతో కొట్టి బిగిస్తారు. బిగిసిందో లేదో దుంగను తట్టి మోత వింటారు. పెద్దబాపుకు బొగ్గు పేల్చే బాంబుల మోతకు కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది అరకొర. అందుకని ఆయన అరచెయ్యి ఆనించి ఊపి చూసేవాడు.

నా పేరు నవీన. మంథనిలో ఏఎన్‌ఎంగా పనిచేస్తాను. నన్ను కంటూనే మా అవ్వ పోయింది. నాకు నాలుగేళ్ళప్పుడు మా బాపు శ్రీహరి బాయిలో బండ పడి చనిపోయాడు. ఆయనా పెద్దబాపూ ఒకే షిఫ్టులో, ఒకే జట్టులో పనిచేసేవాళ్ళు. అన్న పైకొచ్చాడు, తమ్ముడు రాలేదు. పిల్లలు లేని పెద్దబాపూ, మా పెద్దవ్వ అనసూర్యా నన్ను ఎత్తుకున్నారు. వాళ్ళు నన్ను పెంచిన తీరు గురించి ఒక్క మాట చెప్తాను: నేను ఎవరి బిడ్డనో బస్తీలో వాళ్ళు గుర్తుచేస్తే తప్ప నాకు గుర్తుండేది కాదు.

మా బాపు పోయిన రెండేళ్ళకు పెద్దబాపు ఈ ఇల్లు కట్టాడు. మూడు గదులు, పైన స్లాబు. మేస్త్రీ సెంట్రింగ్ చెక్కలు ఊడదీసిన మర్నాడే ఎక్కడినుంచో ఒక దుంగ తెచ్చి ముందుగది నడుమ నిలబెట్టాడట. స్లాబుకు దుంగ ఏందన్నా అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడట. బస్తీ అంతా నవ్వింది. 'దుంగ కుమారన్న' అన్న పేరు అట్లా వచ్చింది, పోలేదు. పెళ్ళిళ్ళకు పోతే ఫంక్షన్‌హాల్లో పిల్లరు పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందు కప్పు వంక చూసేవాడు. కరీంనగర్ బస్సులో కూర్చున్నా పైరేకును ఒకసారి తట్టేవాడు. పక్కనున్న నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

దుంగకు మేకు కొట్టి మా బాపు ఫోటో వేలాడదీశాడు. ఇన్ని గోడలుండగా దుంగకెందుకు అని నేను ఎప్పుడూ అడగలేదు. పొద్దున లేవగానే, సాయంత్రం మంచం వాల్చే ముందు, దుంగకు అరచెయ్యి ఆనించి ఊపేవాడు. కదలకపోతే పడుకునేవాడు. అంతే, ఆయన పూజ అదే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఎండాకాలం దుంగ కదిలింది. కట్టె ఎండి కుదించుకుపోయింది, అంతకంటే ఏమీ లేదు. పెద్దబాపు మాత్రం అన్నం తింటున్న మమ్మల్ని ఎంగిలి చేతులతోనే బయటికి తోలాడు. మంచాలు వాకిట్లోకి వచ్చాయి. చెక్క కొట్టి బిగించాక కూడా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇరవై రోజులు వాకిట్లోనే వంట, వాకిట్లోనే పడక. ఆయన మాత్రం మంచం మీద కూర్చునే ఉండేవాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. తర్వాతి ఏడు మళ్ళీ అదే వరస.

ఆ పై ఏడు ఎండలు ముదరకముందే పెద్దవ్వ ఒక పని చేసింది. ఆయన మొదటి షిఫ్టుకు పోగానే స్టూలు వేసి నన్ను పట్టుకోమంది. తన పాత చీర పేలిక మడత పెట్టి, పలకకూ స్లాబుకూ మధ్య సందులో కూరి, రోకలితో కుమ్మింది. పైకి కనపడకుండా అంచుకు సున్నం పూసింది. దిగి దుంగను ఊపింది. కదల్లేదు.

"పెద్దబాపుకు చెప్పకు బిడ్డా. మనిషి నిద్రపోవాలె గదా" అంది.

అప్పటినుంచి ఏటా ఒక పేలిక. ఆయన ఏటా ఊపేవాడు, బిగువుగా ఉందనుకుని పడుకునేవాడు. పెద్దవ్వ పోయినేడు బతుకమ్మ పండుగ ముందు జ్వరంతో పోయింది. ఈ ఎండాకాలం ఆ పని నేను చేశాను. చేతికందిన నా పాత తెల్లకోటు చింపి కూరాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. గోలీ మింగని ముసలివాళ్ళకు అన్నంలో కలిపి పెట్టడంలాంటిదే అనుకున్నాను.

పెద్దవ్వ పోయాక ఆయన సగమైపోయాడు. మోకాళ్ళు సహకరించవు. ఒక పూట వండి రెండు రోజులు తింటున్నాడు. నేను ప్రతి ఆదివారం మంథని నుంచి బస్సులు మారి వచ్చి వండిపెట్టి పోతున్నాను. మా ఇంటికి రమ్మని ఏడాదిపాటు పోరాను. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"తాళమేసి రాను బిడ్డా. ఇల్లు ఉన్నన్ని దినాలు నా పానం ఈడనే కొట్టుకుంటది. అమ్మి వస్త" అన్నాడు.

కాబట్టి ఇల్లు అమ్మితేనే ఆయన నాతో వస్తాడు. దుంగ తీస్తేనే ఇల్లు అమ్ముడుపోతుంది. దుంగ తీస్తే పైన పేలికలు బయటపడతాయి. ఇదీ నా పరిస్థితి. ముందు నుయ్యి వెనక గొయ్యి.

మూడోసారి సారయ్య ఎబినేజర్ సారును తీసుకొచ్చాడు. రిటైరవబోతున్న బడిపంతులు, నెమ్మదైన మనిషి. దుంగను చూసి పారిపోలేదు. దగ్గరికి వచ్చి ఫోటో చూశాడు.

"తమ్ముడా?" అని అడిగాడు. పెద్దబాపు తలూపాడు. సారు గది నాలుగు మూలలా చూసి, "ఇల్లు నాకు నచ్చింది. కానీ మా ఇంట్ల వారం వారం ప్రార్థనకు నలుగురు వస్తరు. ఇది నడుమల ఉంటే కష్టం. జర తీపియ్యుండ్రి, సున్నాలు గిట్ల వేపియ్యుండ్రి. వచ్చే సోమవారం రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం" అన్నాడు.

పెద్దబాపు నా వంక చూశాడు, దుంగ వంక చూశాడు. "సరే సారూ" అన్నాడు. 

నేను పది రోజులు సెలవు పెట్టాను. ఇల్లు సర్దుతుంటే ముప్పై ఏళ్ళ బతుకు అటకల మీదనుంచి దిగింది. బాయి బూట్లు, బండ దెబ్బ తగలకుండా పెట్టుకునే నెత్తిటోపీ, పెద్దవ్వ గాజుల పెట్టె, నా మూడో తరగతి పలక. ఏది పారెయ్యబోయినా ఆయన నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూసి మళ్ళీ నాకే ఇచ్చేవాడు. ఉంచమనీ అనడు, పారెయ్యమనీ అనడు. నాకసలే ఓపిక తక్కువ. గాజుల పెట్టె మాత్రం అడక్కుండానే నా సంచిలో పెట్టుకున్నాను.

రంగులు వెయ్యడానికి ఆసిఫాబాద్ నుంచి అంబదాస్ వచ్చాడు. వంటింటి గోడలు చూసి నిట్టూర్చాడు. ఆ రోజుల్లో అందరిలాగే మేమూ బొగ్గు పొయ్యి మీదే వండుకున్నాం. ఆ మసి గోడ లోపలికి ఇంకిపోయింది. అంబదాస్ గీకి, కడిగి, రెండు కోట్లు వేశాడు. ఆరాక నలుపు మళ్ళీ పైకి తేలింది.

"అక్కా, ఇది పోయే మసి కాదు. ఎంతేసినా లోపల్నుంచి వస్తనే ఉంటది" అన్నాడు. మూడో కోటు వెయ్యమన్నాను.

నా ఉపాయం ఏమిటంటే, పెద్దబాపును పెన్షన్ కాగితం పని మీద బ్యాంకుకు పంపి, ఆయన వచ్చేలోపు అంబదాస్‌తో దుంగ తీయించి, పేలికలు మాయం చెయ్యడం. ఆయన చెప్పులేసుకుని మెట్టు దిగాడు కూడా. అంతలో వెనక్కి తిరిగాడు.

"దుంగను ఎవ్వరూ ముట్టద్దు. నిలవెట్టినోడే తియ్యాలె. రేపు పొద్దుగాల నేనే తీస్త" అన్నాడు.

ఆయన బ్యాంకుకు పోగానే నేను స్టూలెక్కాను. వేళ్ళతో లాగాను, చాకుతో పొడిచాను. పాతికేళ్ళ పేలికలు సున్నంతో కలిసి రాయిలా గట్టిపడ్డాయి. ఈ ఏడే కూరిన నా తెల్లకోటు ముక్క కూడా చెక్కు చెదరలేదు. పెద్దవ్వ నాకు నేర్పిన పని నేను మరీ బాగా నేర్చుకున్నానని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒక పక్క చెప్పేద్దామనీ అనిపించింది. ఆయన తిరిగొచ్చి చెంబుతో కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు నోరు తెరిచాను కూడా. "రేపు నువ్వు బయట ఉండు బిడ్డా, లోపలికి రాకు" అన్నాడు. నా నోరు మూతపడింది.

మర్నాడు పొద్దున స్నానం చేసి, ఖాకీ నిక్కరు తొడుక్కుని, మూలనున్న నెత్తిటోపీ పెట్టుకున్నాడు. స్లాబు ఇంట్లో ఆ టోపీ చూసి సారయ్య మొహం తిప్పుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 

ముందు మా బాపు ఫోటో తీసి నా చేతికిచ్చాడు. మంచం, స్టూలు జరిపి గుమ్మం దాకా దారి ఖాళీ చేశాడు. తలుపు రెండు రెక్కలూ తెరిచాడు. దుంగ నడుముకు తాడు కట్టి, పడేచోట గోనెసంచులు పరిచాడు. అందరినీ గుమ్మం బయటికి పంపాడు. బండ కింద దుంగ తీసేటప్పుడు ఎట్లా చేసేవాడో అట్లాగే చేస్తున్నాడని అర్థమైంది. ఆయనకు అది ఇల్లు కాదు. గుమ్మం బయట నిలబడి ఒక మనిషి భయాన్ని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి.

గడ్డపారతో చెక్కను కొట్టాడు. రెండు దెబ్బలకు కదిలింది, మూడో దెబ్బకు ఊడి గోడకు తగిలింది. వెంటనే తాడు లాగి, పడుతూ లేస్తూ గుమ్మంలోకి వచ్చేశాడు. దుంగ మెల్లగా ఒరిగి సంచుల మీద పడింది.

స్లాబు అట్లాగే ఉంది. ఒక్క సున్నపు పెచ్చు రాలలేదు. ఇన్నేళ్ళుగా ఆ దుంగ మోసింది మా బాపు ఫోటోను తప్ప మరి దేన్నీ కాదు.

పలకతో పాటు పేలికల ముద్ద కిందపడి విచ్చుకుంది. పెద్దబాపు లోపలికి నడిచి వంగి ఒక్కొక్కటే విడదీశాడు. ఆకుపచ్చ చీర అంచు. కనకాంబరం రంగు రవిక. నా లంగాలోంచి మిగిలిన పూల గుడ్డ. అన్నిటికంటే పైన తెల్లకోటు జేబు, దాని మీద సిరా మరక. ఆ మరక పోవాలని పోయినేడు నిమ్మచెక్కతో రుద్దింది ఆయనే.

సారయ్యనూ అంబదాస్‌నూ చాయ్ తాగి రమ్మని పంపేశాను. వాళ్ళు గేటు దాటాక పెద్దబాపు తలెత్తాడు.

"ఎవరు పెట్టిండ్రు గివి?"

"పెద్దవ్వ. నువ్వు నిద్రపోవాలని."

"గీ తెల్లది?"

"నేను."

కొడతాడనుకున్నాను. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ కొట్టలేదు, అయినా అనుకున్నాను. ఆయన దుంగ మీద కూలబడ్డాడు. పేలికలు ఒళ్ళో పెట్టుకుని, టోపీ తీసి పక్కన పెట్టాడు.

"ఆనాడు చెక్కలు అయిపోయినయ్ బిడ్డా" అన్నాడు. ఏ నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. "మళ్ళ తేవాలంటే గంట నడక. షిఫ్టు దిగే యాళ్ళయింది. దుంగ జర వదులున్నది. నా నెత్తి రుమాలు మడిచి పైన పెట్టి గుద్దిన. ఊపితే కదల్లే. మీ బాపు అడిగిండు, అన్నా, బిగిసిందా అని. బిగిసింది పో అన్న. నా మాట మీద బండ కిందికి పోయిండు."

నేను ఫోటో పట్టుకుని నిలబడే ఉన్నాను.

"చెయ్యి చాపితే అందెటంత దూరంల ఉన్న. దుమ్ము దిగినంక చూస్తే బండనే ఉన్నది, వాడు లేడు. బండ దానంతట అదే పడ్డదని రాసిండ్రు. రుమాలు సంగతి ఎవ్వలకు తెల్వదు. మీ పెద్దవ్వకు గూడ చెప్పలే. తెలిసుంటే గీ పని చేసేదా?"

నాకు కోపం వచ్చింది. దాచను, చాలా కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు నా తల దువ్వి, ఫీజులు కట్టి, నర్సింగు చదువుకు పోతుంటే ఆదిలాబాద్ దాకా ట్రంకుపెట్టె మోసిన మనిషి. అదంతా ప్రేమో, ప్రాయశ్చిత్తమో నేనిప్పుడు ఎట్లా తేల్చుకోవాలి? నేనూ పేలికే పెట్టాను. కానీ నేను పెట్టింది ఒకరు పడుకోవాలని, ఆయన పెట్టింది షిఫ్టు దిగాలని. రెండూ ఒకటి కావు. అది ఆయనకూ తెలుసు.

"ఇల్లు సారుకు ఇచ్చేద్దాం. నేను మాత్రం మంథనికి రాను. నీ కప్పు కింద పండుకునే మొఖం నాకు లేదు. ఈడనే ఏదన్న ఒక రూము చూసుకుంట" అన్నాడు.

  పేలికలు ఆయన ఒళ్ళోంచి తీసుకుని పెరట్లో పాత బొగ్గు పొయ్యిలో వేసి అంటించాను. సున్నం పట్టిన గుడ్డ సరిగా కాలదు. పొగ కళ్ళలోకి పోయేదాకా అక్కడే కూర్చున్నాను. 

సోమవారం రిజిస్ట్రేషన్ అయింది. ఎబినేజర్ సారు తాళంచెవి తీసుకుని పెద్దబాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. నట్టింట్లో దుంగ ఉన్నచోట కింద గచ్చు మీద ఒక గుండ్రటి గుర్తు, పైన స్లాబు మీద ఒక చదరపు గుర్తు మిగిలాయి. పై గుర్తు మీద అంబదాస్ మూడు కోట్లు వేశాడు. 

ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాం. పెద్దబాపు తన పెట్టెను విడిగా గోడ పక్కన పెట్టుకున్నాడు. దుంగ వాకిట్లో పడి ఉంది. "కట్టెలకు ఎవలన్న తీస్కపోతరు తియ్" అన్నాడు సారయ్య.

మూడు రోజులుగా ఆయనతో నేను మాట్లాడలేదు. ఇక పోవాలి. ఆయన్ని అట్లా గోడ పక్కన వదిలి పోగలనా అని నన్ను నేను అడుగుతూ వచ్చాను. పోలేను. క్షమించానా అంటే లేదు. అట్లాంటి పెద్ద మాటలు నా నోటికి రావు.

"ఒక పక్క పట్టు" అన్నాను.

"ఏంది?"

"దుంగ. ఒక్కదాన్నే లేపలేను. పెట్టె గూడ ఎక్కియ్యి. చెక్కలు ఆడ వడ్లాయన కాడ కోపిస్త. పేలికలు మాత్రం వద్దు."

ఆయన పెట్టె తెచ్చి ఆటోలో ఎక్కించాడు. తర్వాత వంగి రెండో కొస పట్టుకున్నాడు.

మంథనిలో మా ఇంటి ముందుగదిలో ఇప్పుడు ఆయన మంచం పక్కన దుంగ ఉంది. మా ఆయన బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి వచ్చి చూసి, నా మొహం చూసి, దుంగ నిలబెట్టడానికి ఒక చెయ్యి వేశాడు. వడ్రంగి కోసిచ్చిన కొత్త చెక్కను పెద్దబాపే కొట్టాడు. ప్రతి దెబ్బకూ ఆగి దమ్ము తీసుకున్నాడు. కొట్టడం అయ్యాక నేను అరచెయ్యి ఆనించి ఊపాను. కదల్లేదు.

"బిగిసిందా?" అని నేనే అడిగాను.

పెద్దబాపు తలెత్తి పలక వంక చూశాడు.

"నా మాట మీద ఉండకు. ఎక్కి చూడు" అన్నాడు. "గీ ఒక్క మాట మీ బాపుకు చెప్పలే."

స్టూలు ఆయనే పట్టుకున్నాడు. నేను ఎక్కి చూశాను.